కథలు వేసే పత్రికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కథల పత్రిక అని దేన్ని అనాలి? వారపత్రికలో ఒక కథ పడితే అదీ కథల పత్రికేనా?

స్థూలంగా మూడు రకాలున్నాయి. వార్తలు, సినిమాలు, సలహాల శీర్షికల మధ్య సంచికకు ఒకటో రెండో కథలు వేసేవి మొదటి రకం. కవిత్వం, వ్యాసాలు, సమీక్షల పక్కన కథకూ సమాన మర్యాద ఇచ్చే సాహిత్య పత్రికలు రెండోవి. అట్ట నుంచి అట్టదాకా కథలే ఉండేవి మూడోవి. కచ్చితంగా మాట్లాడితే మూడో రకాన్నే కథల పత్రికలనాలి. కానీ చరిత్ర చెప్పేటప్పుడు అంత పట్టింపు పనికిరాదు. ఎన్నో గొప్ప కథలు మొదట దినపత్రికల మూలల్లోనూ, ఆడవాళ్ల మాసపత్రికల్లోనూ పడ్డాయి. అందుకే ఇక్కడ మూడింటి గురించీ చెబుతున్నాం.

ఒక మాట ముందే చెప్పాలి. కథ ఎంత పొడవుండాలి, ఎంత త్వరగా అందుకోవాలి, రాసినవాళ్లకు ఎంత ముట్టాలి అన్నవి చాలాసార్లు తేల్చింది రచయిత కాదు. కాగితం ధర, తపాలా ఖర్చు, ప్రకటనల ఆదాయం తేల్చాయి. కింది జవాబుల్లో ఇది పదే పదే కనిపిస్తుంది.

ఇవి ఎప్పుడు మొదలయ్యాయి?

పత్రికల్లో కథలు 18వ శతాబ్దం నుంచే ఉన్నాయి. మనం ఇవాళ గుర్తుపట్టగలిగే రూపం మాత్రం 19వ శతాబ్దంలో వచ్చింది. 1817లో ఎడిన్‌బరోలో మొదలైన బ్లాక్‌వుడ్స్ పత్రిక ఒళ్లు జలదరించే భయానక కథలకు పేరుపడింది. అమెరికాలో 1830లో వచ్చిన గోడీస్ లేడీస్ బుక్ ఫ్యాషన్ బొమ్మలతో పాటు కథలు వేసింది. 1850లో హార్పర్స్, 1857లో అట్లాంటిక్ మంత్లీ వచ్చాయి. 1850లోనే చార్లెస్ డికెన్స్ హౌస్‌హోల్డ్ వర్డ్స్ పెట్టి, 1859లో దాని స్థానంలో ఆల్ ది ఇయర్ రౌండ్ తెచ్చాడు. క్రిస్మస్ ప్రత్యేక సంచికలో దయ్యం కథలు చదివే అలవాటు ఇంగ్లండులో అంతగా పాతుకుపోవడానికి ఈ రెండు పత్రికల పాత్ర చిన్నది కాదు.

కథానికను పత్రికలే పుట్టించాయంటారు. నిజమేనా?

కథ చెప్పడం పత్రికల కన్నా వేల ఏళ్లు పాతది. కానీ ఒక్క కూర్చోవడంలో చదివేయగలిగేది, ఒకే అనుభూతి చుట్టూ అల్లుకున్నది అయిన కథానికను మాత్రం పత్రికే పెంచి పెద్ద చేసింది. ఆ మాటను సిద్ధాంతంగా చెప్పినవాడే ఒక పత్రికా సంపాదకుడు. ఎడ్గార్ అలన్ పో గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో పనిచేస్తుండగా 1841లో తన తొలి డిటెక్టివ్ కథను అందులోనే అచ్చువేశాడు. మరుసటి ఏడాది నథానియల్ హాథార్న్ కథల మీద సమీక్ష రాస్తూ, కథ అరగంట నుంచి రెండు గంటల్లోపు ఒక్క దఫాలో చదవగలిగేలా ఉండాలని, ప్రతి వాక్యం ఒకే ఫలితం వైపు నడవాలని వాదించాడు. సంచికలో ఎన్ని పేజీలు ఖాళీగా ఉంటాయో రోజూ చూసే మనిషికి ఆ ఆలోచన రావడంలో వింత లేదు.

చెహోవ్ సంగతి ఇంకా స్పష్టం. 1880లలో ఆయన అంతోషా చెహోంతె అన్న కలంపేరుతో రాసిన అస్కోల్కి అనే హాస్య వారపత్రికలో కథ వంద లైన్లు దాటకూడదు. ఉపోద్ఘాతం లేకుండా సన్నివేశం మధ్యలో దిగడం, వర్ణనను ఒక్క వివరంతో సరిపెట్టడం ఆ వంద లైన్ల ఇరుకులో అలవడిన విద్యలే. తర్వాత 1888లో 'స్టెప్' అనే దీర్ఘ కథను సేవెర్ని వేస్త్నిక్ అనే లావుపాటి సాహిత్య మాసపత్రికకు ఇచ్చాడు. అక్కడ చోటుకు కరువు లేదు. వాక్యం నిదానించింది, ప్రకృతి కథలోకి నడిచొచ్చింది. పత్రిక మారితే ఒకే రచయిత కథ ఎంతగా మారుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఫ్రాన్సులో మొపాసా తన కథల్లో చాలావాటిని జిల్ బ్లా, ల గొల్వా అనే దినపత్రికలకు రాశాడు. 'నెక్లెస్' 1884లో ల గొల్వాలో పడింది. ఉదయం చదివి పక్కన పడేసే కాగితం మీద కథ నిలబడాలంటే చివర్లో ఒక మెలిక ఉండాలి మరి.

అమెరికాలో కథానిక అంతగా వర్ధిల్లడానికి కారణం ఏమిటి?

రెండు చట్టాలు. 1891 వరకు విదేశీ రచయితలకు అమెరికాలో కాపీరైట్ రక్షణ లేదు. ఇంగ్లీషు నవలను పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే వీలున్నప్పుడు సొంత దేశపు నవలాకారుడికి డబ్బిచ్చేవాళ్లు ఎందరుంటారు? దాంతో అక్కడివాళ్లు పత్రికలకు కథలు రాసుకుని బతికారు. ఇక 1879 తపాలా చట్టం పత్రికలకు చవక రేటు కల్పించింది. చందాదారుడు ఎంత మారుమూల ఉన్నా సంచిక చేరేది.

స్ట్రాండ్ పేరు అందరూ చెబుతారు. ఏమిటి దాని ప్రత్యేకత?

1891 జనవరిలో జార్జ్ న్యూన్స్ లండన్‌లో మొదలుపెట్టిన మాసపత్రిక అది. బొమ్మలు ధారాళంగా వేసేవారు. షెర్లాక్ హోమ్స్ మొదటి కథానిక అదే ఏడాది జులైలో వచ్చింది. హోమ్స్ రూపాన్ని పాఠకుల మనసులో స్థిరపరిచింది సిడ్నీ పాజెట్ బొమ్మలు.

హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ చేసిన తెలివైన పని వేరే ఉంది. సీరియల్ నవలలో ఒక సంచిక తప్పిపోతే పాఠకుడు దారి తప్పుతాడు, ఆ తర్వాత పత్రిక కొనడు. విడి కథలైతే వచ్చే నెల అదే పత్రిక కొనాలన్న ఆత్రం ఉండదు. ఈ రెంటికీ మధ్య, పాత్ర ఒకటే అయినా ఏ కథకు ఆ కథ పూర్తయ్యే పద్ధతిని ఆయన ఎంచుకున్నాడు. ఇవాళ టీవీలో వారం వారం ఒక కేసు తేలే సిరీస్‌లు నడిచేది ఈ సూత్రం మీదే. స్ట్రాండ్ 1950లో మూతపడింది.

పల్ప్ పత్రికలంటే ఏమిటి? అవన్నీ చౌకబారువేనా?

కలప గుజ్జుతో చేసిన అతి చవక గరుకు కాగితం మీద, రంగుల అట్టతో, పది సెంట్లకు అమ్మిన కథల పత్రికలు. 1896లో ఫ్రాంక్ మన్సీ తన ఆర్గసీని పూర్తిగా కథల పత్రికగా మార్చి ఈ కాగితం మీద అచ్చేయడంతో ఈ యుగం మొదలైంది. ఆయన లెక్క సూటిగా ఉండేది: జనానికి కావలసింది కథ, కాగితం నునుపు కాదు.

మొదట్లో ఒకే సంచికలో అన్ని రకాల కథలూ ఉండేవి. 1912లో టార్జాన్ కథ వేసిన ఆల్ స్టోరీ అలాంటిదే. 1915లో స్ట్రీట్ అండ్ స్మిత్ సంస్థ కేవలం డిటెక్టివ్ కథలకే ఒక పత్రిక పెట్టింది. అది అమ్ముడుపోయింది. 1919లో కౌబాయ్ కథలకు, 1921లో ప్రేమకథలకు విడి పత్రికలు వచ్చాయి. ఆ తర్వాత విమానాలు, యుద్ధం, క్రీడలు, సముద్రయానం అంటూ చీలికలు వచ్చాయి. ఇవాళ పుస్తకాల షాపులో క్రైమ్, రొమాన్స్, ఫాంటసీ అని అరలు కనిపిస్తాయి కదా, ఆ విభజనను జనానికి అలవాటు చేసింది సాహిత్య విమర్శకులు కాదు, ఈ పత్రికల అట్టలే.

చౌకబారు రాతలు కుప్పలుగా ఉన్నమాట నిజం. మంచివీ ఉన్నాయి. 1920లో వచ్చిన బ్లాక్ మాస్క్ చూడండి. తమ సాహిత్య పత్రిక ది స్మార్ట్ సెట్ నష్టాలు పూడ్చుకోవడానికి మెన్కెన్, నాథన్ అనే ఇద్దరు సంపాదకులు దాన్ని పెట్టి, కొద్ది నెలలకే అమ్మేశారు. వాళ్ల దృష్టిలో అది డబ్బు కోసం చేసిన పని, అంతే. 1926లో సంపాదకుడిగా వచ్చిన జోసెఫ్ షా చేతిలో అది పూర్తిగా మారింది. హామెట్, చాండ్లర్ అనే డిటెక్టివ్ కథకులు అక్కడే పదునెక్కారు. వాళ్ల పొడి వాక్యాల ప్రభావం ఇప్పటికీ పోలేదు. స్మార్ట్ సెట్ పేరు మాత్రం ఇప్పుడు పరిశోధకులు తప్ప ఎవరూ తలవరు.

1923లో చికాగోలో మొదలైన వియర్డ్ టేల్స్ ఎప్పుడూ అప్పుల్లోనే నడిచింది, పారితోషికాలు ఆలస్యంగా ఇచ్చేది. అయినా లవ్‌క్రాఫ్ట్ భయానక కథలు, రాబర్ట్ హోవర్డ్ సృష్టించిన కోనన్ కథలు అందులో వచ్చాయి.

సైన్స్ ఫిక్షన్ ఎక్కడ మొదలైంది?

అలాంటి కథలు ముందునుంచీ ఉన్నాయి. వాటికే అంకితమైన మొదటి ఇంగ్లీషు పత్రిక మాత్రం 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ తెచ్చిన అమేజింగ్ స్టోరీస్. ఆయన పాఠకుల ఉత్తరాలను పూర్తి చిరునామాలతో అచ్చేసేవాడు. వాటిని చూసి పాఠకులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు, సొంతంగా చిన్న పత్రికలు నడిపారు. అభిమాన సంఘాలన్నవి ఉత్తరాల పేజీ లోంచి పుట్టాయన్నమాట. 1953లో మొదలైన హ్యూగో అవార్డులకు ఆ పేరు ఆయనదే.

1930లో అస్టౌండింగ్ అనే మరో సైన్స్ ఫిక్షన్ పత్రిక వచ్చింది. 1937 చివర్లో జాన్ క్యాంప్‌బెల్ దాని సంపాదకుడై 1971లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. రచయితలకు ఐడియాలు ఇచ్చి, వాదించి, తిరగరాయించే రకం. అసిమోవ్ 'ఫౌండేషన్' ఇక్కడ 1942 నుంచి విడి కథలుగా వచ్చి, 1951 నుంచి పుస్తకాలైంది. ఆ పత్రిక పేరు 1960లో అనలాగ్ అయింది.

రచయితలకు డబ్బు ఎంత వచ్చేది?

పల్ప్ పత్రికల్లో సాధారణంగా మాటకు ఒక సెంటు. చిన్నవి అరసెంటు ఇచ్చేవి. కథ అంగీకరించగానే ఇచ్చే పత్రికను మంచిదనేవారు, అచ్చయ్యాక ఇచ్చేదాన్ని తిట్టుకునేవారు. మాటల లెక్కన డబ్బు కాబట్టి వాక్యాలు సాగదీసే జబ్బు కూడా ఉండేది.

నున్నటి కాగితం మీద ప్రకటనల బలంతో నడిచే పెద్ద పత్రికల కథే వేరు. సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ 1929లో స్కాట్ ఫిట్జెరాల్డ్‌కు ఒక్క కథకు 4,000 డాలర్లు ఇచ్చింది. ఆయన సంపాదనలో ఎక్కువ భాగం నవలల వల్ల కాదు, ఈ కథల వల్లే.

ఇప్పటి సంగతా? అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం వృత్తిస్థాయి అని లెక్కించేందుకు 2019లో పెట్టుకున్న కనీస రేటు మాటకు 8 సెంట్లు. ధరల పెరుగుదల కలిపి చూస్తే 1930ల నాటి ఒక్క సెంటు విలువ దీనికన్నా ఎక్కువ. సాహిత్య పత్రికల్లో చాలావాటికి అదీ లేదు, రెండు ప్రతులు పంపి చేతులు దులుపుకుంటాయి. కథలు రాసి ఇల్లు గడుపుకోవాలనుకునేవాళ్లకు ఈ మాట కటువుగానే చెప్పాలి: ఆ రోజులు పోయాయి.

అంతగా నడిచిన పత్రికలు ఎందుకు ఆగిపోయాయి?

రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత మొదటి దెబ్బ. యుద్ధం తర్వాత చవక పేపర్‌బ్యాక్ పుస్తకాలు, కామిక్స్, ఆ వెంటనే టీవీ వచ్చాయి. 1957లో అమెరికన్ న్యూస్ కంపెనీ అనే భారీ పంపిణీ సంస్థ మూతపడటంతో మిగిలినవాటిలో చాలా పత్రికలకు స్టాళ్లకు చేరే దారే లేకుండా పోయింది. పాఠకులు మొహం తిప్పుకోవడమే కారణమనుకుంటారు గానీ, పంపిణీ కూలడం వల్ల చచ్చిన పత్రికలు ఏ దేశంలో చూసినా తక్కువేం కాదు.

కొన్ని చిన్న సైజుకు మారి బతికాయి. 1941లో ఎలరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజైన్, 1949లో ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్ మొదలైందే ఆ సైజులో.

ప్రకటనల మీద బతికిన పెద్ద పత్రికలకు టీవీయే యముడైంది. ప్రకటనలు అటు పోగానే ముందు కోతపడింది కథల పేజీలకే.

సాహిత్య పత్రికలు, లిటిల్ మ్యాగజైన్లు వీటికి భిన్నమా?

భిన్నమే. ఇవి లాభం కోసం పుట్టవు. ఒక గుంపు అభిరుచి కోసమో, విశ్వవిద్యాలయం పేరు కోసమో, ఒక మనిషి పిచ్చి కోసమో పుడతాయి. 1931లో విట్ బర్నెట్, మార్తా ఫోలీ దంపతులు వియన్నాలో స్టోరీ అనే పత్రిక పెట్టారు. తర్వాత అమెరికాకు మారిన ఆ పత్రికే 1940లో శాలింజర్ మొదటి కథ వేసింది. 1953లో పారిస్ రివ్యూ వచ్చింది. గ్రాంటా 1889లో విద్యార్థుల పత్రికగా మొదలై, 1979లో కొత్త రూపం తొడుక్కుంది.

న్యూయార్కర్ వీటిలోకీ రాదు, వాటిలోకీ రాదు. 1925లో మొదలైన ఈ వారపత్రికకు డబ్బూ ఉంది, పట్టింపూ ఉంది. 1948 జూన్‌లో షిర్లీ జాక్సన్ 'లాటరీ' వేసినప్పుడు ఆ వేసవిలో మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది కోపంతోనో అయోమయంతోనో రాశారు. ఇలాంటి లాటరీ ఏ ఊళ్లో జరుగుతుందని అడిగినవాళ్లూ ఉన్నారు. విడి కథ పుస్తకంలో వస్తే ఇంత గొడవ జరగదు. వారపత్రికలో ఎదురుచూడకుండా ఎదురైతేనే జరుగుతుంది.

ఇదంతా ఇంగ్లీషు గోలేనా? మిగతా ప్రపంచం?

రష్యాలో లావుపాటి మాసపత్రికల సంప్రదాయం సోవియట్ కాలంలోనూ సాగింది. 1962 నవంబరులో నోవీ మీర్ సోల్జెనిత్సిన్ రాసిన నిర్బంధ శిబిరపు కథను అచ్చేయడం రాజకీయ సంఘటన అయింది. చైనాలో లూ షున్ 'పిచ్చివాడి డైరీ' 1918లో న్యూ యూత్ పత్రికలో వచ్చి, వాడుక భాషలో ఆధునిక కథకు దారి వేసింది. అదే దేశంలో చెంగ్డూ నుంచి వచ్చే కెహువాన్ షిజియె అనే సైన్స్ ఫిక్షన్ మాసపత్రిక 2006లో 'త్రీ బాడీ ప్రాబ్లమ్' నవలను సీరియల్‌గా వేసింది. జపాన్‌లో 1935లో పెట్టిన అకుతగావా బహుమతి పత్రికల్లో పడిన కొత్త రచయితల రచనలకే ఇస్తారు. కాబట్టి అక్కడ పత్రికను దాటి నేరుగా పుస్తకంతో గుర్తింపు తెచ్చుకోవడం కష్టం.

అర్జెంటీనా రచయిత బోర్హెస్ కథలు బ్వేనస్ ఐరిస్‌లో విక్టోరియా ఒకాంపో 1931లో పెట్టిన సుర్ అనే పత్రికలో వచ్చాయి. ఆఫ్రికాలో ఇబాదాన్ నుంచి బ్లాక్ ఆర్ఫియస్ 1957లో, కంపాలా నుంచి ట్రాన్సిషన్ 1961లో, నైరోబీ నుంచి క్వానీ 2003లో మొదలయ్యాయి.

మన దేశంలో టాగోర్ తొలి కథలు కొన్ని 1891లో హితవాది వారపత్రికకు రాసినవే. ప్రేమ్‌చంద్ 1930లో హంస్ పెట్టి, దాన్ని నిలబెట్టడానికి చివరిదాకా నానా తిప్పలు పడ్డాడు.

తెలుగు కథ సంగతి?

తెలుగులోనూ కథ పత్రిక ఒళ్లోనే పెరిగింది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో హిందూ సుందరి అనే స్త్రీల పత్రికలో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. తొలి కథ ఏదన్న పేచీ తెగేది కాదు గానీ, ఏ పక్షం గెలిచినా పుట్టినిల్లు పత్రికే. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పెట్టిన భారతిలో కథ పడటాన్ని రచయితలు దశాబ్దాలపాటు పట్టా వచ్చినట్టు చెప్పుకున్నారు. 1947లో చందమామ వచ్చింది. వారపత్రికల ఉగాది, దీపావళి పోటీలు ఎందరినో కథకుల్ని చేశాయి. విపుల మాసపత్రిక పేజీల్లో ఇతర భాషల కథలు తెలుగులో చదవగలిగాం. వెబ్‌లో 1998లో మొదలైన ఈమాట ఇంకా నడుస్తోంది.

ఎన్ని మాటలుంటే కథ?

హ్యూగో అవార్డుల లెక్కలో 7,500 మాటల లోపు కథ, 17,500 లోపు పెద్దకథ, 40,000 లోపు నవలిక. తెలుగులో మాటల లెక్క కన్నా అరఠావు పేజీల లెక్క ఎక్కువగా నడిచింది. పోస్టుకార్డులో పట్టాలన్న నియమంతో కార్డు కథలు కూడా వేశారు.

వెబ్ పత్రికలు అచ్చు పత్రికలకు సాటి వస్తాయా?

ఈ ప్రశ్నకు కాలం చెల్లింది. 2000లో స్ట్రేంజ్ హొరైజన్స్, 2006లో క్లార్క్స్‌వర్ల్డ్, 2010లో లైట్‌స్పీడ్ వచ్చాయి. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అవార్డుల జాబితాల్లో ఇప్పుడు వెబ్ కథలే ఎక్కువ. వాటి టెన్షన్ వేరే చోట ఉంది. ఉచితంగా చదివేవాళ్లు ఎక్కువ, చందా కట్టేవాళ్లు తక్కువ. 2023లో అమెజాన్ కిండిల్ పత్రికల చందాలు ఎత్తేయడంతో ఆ ఆదాయం మీద ఆధారపడ్డవి ఇబ్బంది పడ్డాయి. పంపిణీదారు పోతే ఏమవుతుందో 1957లో ఒకసారి చూశాం.

కృత్రిమ మేధతో రాసిన కథలు వస్తే ఏం చేస్తున్నారు?

2023 ఫిబ్రవరిలో యంత్రం రాసిన కథలు వందల్లో వచ్చిపడటంతో క్లార్క్స్‌వర్ల్డ్ కొంతకాలం కథలు తీసుకోవడమే ఆపేసింది. ఇప్పుడు చాలా పత్రికలు అలాంటివి పంపవద్దని నియమాల్లోనే రాస్తున్నాయి. నష్టపోయేది నిజంగా రాసుకున్న కొత్తవాళ్లే. వాళ్ల కథ సంపాదకుడి కంటికి చేరేసరికి ఇంకా ఆలస్యమవుతుంది.

నేను కథ పంపాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?

ముందు ఆ పత్రిక సంచికలు కొన్ని చదవండి. తిరిగొచ్చే కథల్లో చాలా వాటిది నాణ్యత సమస్య కాదు, తమకు సరిపడని పత్రికకు వెళ్లడం. నిడివి, ఫైలు రకం, ఫాంటు ఎలా అడిగితే అలాగే ఇవ్వండి. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపడాన్ని కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. తెలుగు పత్రికలు అడిగే హామీపత్రంలో ఇది మీ సొంత రచనేనని, అనువాదమో అనుసరణో కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని రాసివ్వాలి. అబద్ధం బయటపడితే ఆ సంపాదకుడి దగ్గర మళ్లీ తలుపు తెరుచుకోదు. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను కూడా చాలామంది అచ్చయినట్టే లెక్కిస్తారు.

హక్కుల దగ్గర జాగ్రత్త. పత్రికకు అవసరమయ్యేది మొదటిసారి అచ్చువేసుకునే హక్కు. ఆ తర్వాత సంపుటిలో, అనువాదంలో, సినిమాగా వాడుకునే హక్కులు మీ దగ్గరే ఉండాలి. అన్ని హక్కులూ శాశ్వతంగా ఇచ్చేయమనే కాగితం మీద సంతకం పెట్టకండి. కథ చూడటానికి రుసుము అడిగే చోట ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

పాత సంచికలు ఎక్కడ చదవొచ్చు?

ఇంగ్లీషు పల్ప్ పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కుప్పలుగా ఉన్నాయి. తెలుగు కథలకు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఉంది. వాళ్ల వెబ్‌సైటులో వేల కథలు పత్రికలో పడ్డ రూపంలోనే చూడొచ్చు. సంకలనంలో ఏరిన కథ చదవడం కన్నా, వీలైతే సంచిక మొత్తం తిరగేయండి. స్కాన్ ప్రతుల్లో ప్రకటనల పేజీలు తీసేయనివి వెతికి పట్టుకోండి. తపాలా కోర్సుల ప్రకటనలు, కండలు పెంచే పద్ధతుల ప్రకటనలు చూస్తే ఆ కథలు ఎవరి కోసం రాశారో ఇట్టే తెలిసిపోతుంది.